ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్స్: రెండు ఆర్మ్‌ల చట్రం దాటితే ఏమొస్తుంది, ఏం పోతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనలో మామూలు రెండు ఆర్మ్‌ల (ఒక్కో చికిత్స అందుకునే రోగుల గుంపుల) ట్రయల్ కాకుండా ఇంకే డిజైన్లు ఉన్నాయి, వాటిని ఎంతవరకు నమ్మొచ్చు? వైద్య విద్యార్థులూ రాశారు, రోగుల బంధువులూ రాశారు. అందుకే కొన్ని జవాబులు లెక్కలతో నిండి ఉంటాయి, కొన్ని ఉండవు.

ప్రశ్న: కొత్త మందు ఒకవైపు, పాత చికిత్స ఇంకోవైపు పెట్టి పోల్చే ట్రయల్ ఇన్నేళ్లూ పనికొచ్చింది కదా, వేరే డిజైన్ల అవసరం ఎందుకొచ్చింది? స్టాంపీడ్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్ పేరు ప్రతి క్లాసులోనూ వినపడుతుంది. దాని వెనకున్న లెక్క మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. (ఆంకాలజీ పీజీ విద్యార్థి)

జవాబు: లెక్కతోనే మొదలుపెడదాం. కొత్త మందు మరణాల ముప్పును నాలుగో వంతు తగ్గిస్తుందని, అంటే హజార్డ్ రేషియో 0.75 అని అనుకుందాం. 5 శాతం ఆల్ఫా (లేని ప్రభావాన్ని ఉందని పొరబడే అవకాశం), 90 శాతం పవర్‌తో (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) దాన్ని తేల్చాలంటే రెండు ఆర్మ్‌లూ కలిపి సుమారు 508 మరణాలు నమోదవ్వాలి. 508 మంది రోగులు కాదు, 508 మరణాలు. ఎముకలకు పాకిన దశలో మొదటిసారి బయటపడిన జబ్బుతో కూడా చాలామంది హార్మోన్ చికిత్స మీద ఏళ్ల తరబడి బతుకుతారు. కాబట్టి ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అయిదు మందులుంటే అయిదు ట్రయల్స్, అయిదు కంట్రోల్ ఆర్మ్‌లు. ఆ అయిదు కంట్రోల్ ఆర్మ్‌లలోనూ ఇచ్చేది అదే పాత చికిత్స.

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోని ఎంఆర్‌సీ క్లినికల్ ట్రయల్స్ యూనిట్ ఈ దుబారాకే అడ్డుకట్ట వేసింది. 2005లో మొదలైన స్టాంపీడ్‌లో ఒక కంట్రోల్ ఆర్మ్, దానితో పోల్చడానికి అయిదు ప్రయోగ ఆర్మ్‌లు. ఒక్కో ఆర్మ్‌కు 100 మంది చొప్పున అయిదు విడి ట్రయల్స్ చేస్తే 1,000 మంది కావాలి. ఒకే కంట్రోల్‌ను పంచుకుంటే, ఆ కంట్రోల్‌ను 200కు పెంచినా మొత్తం 700 మందితో సరిపోతుంది. 200కు ఎందుకు పెంచాలి? ప్రతి పోలికలోనూ కంట్రోల్ ఉంటుంది కనుక అక్కడ సంఖ్య గట్టిగా ఉంటే అన్ని పోలికలకూ మేలు. ప్రయోగ ఆర్మ్‌లు ఎన్నుంటే ఆ సంఖ్య వర్గమూలానికి దగ్గరగా కంట్రోల్ వాటా పెట్టడం గణితం చెప్పే ఉత్తమ పంపకం. అయిదు వర్గమూలం 2.24. స్టాంపీడ్ 2:1:1:1:1:1 అని పెట్టుకోవడం వెనక ఉన్నది ఇదే.

ఇక రెండో భాగం, దశలు. చివరి కొలమానం మనుగడ కాలమే అయినా, మధ్యలో ఫెయిల్యూర్-ఫ్రీ సర్వైవల్‌తో వడపోస్తారు. అంటే పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే, రక్తంలో కొలిచే ప్రొటీన్) మళ్లీ పెరగడం, జబ్బు ముదరడం, ఈ క్యాన్సర్‌తో మరణం, వీటిలో ఏదీ జరగకుండా గడిచిన కాలం. మొదటి దశల్లో, ముందే పెట్టుకున్న గీత దాటలేని ఆర్మ్‌లో కొత్త రోగుల్ని చేర్చుకోవడం ఆపేస్తారు. సెలెకాక్సిబ్ ఆర్మ్‌లు రెండూ 2011లో ఇలాగే ఆగాయి. అదే ఏడాది అబిరాటిరోన్ ఆర్మ్ చేరింది. 2013లో ప్రోస్టేట్‌కు రేడియేషన్, 2016లో మెట్‌ఫార్మిన్, 2017లో చర్మం మీద అతికించే ఈస్ట్రడయాల్ ప్యాచ్ వచ్చాయి. డోసిటాక్సెల్ అనే కీమో మందు ఫలితం 2016లో వెలువడింది: మీడియన్ మనుగడ (రోగుల్లో సగం మంది బతికి ఉండే కాలం) 71 నెలల నుంచి 81 నెలలకు పెరిగింది. 2017లో అబిరాటిరోన్ ఫలితం, హజార్డ్ రేషియో 0.63. 2023లో చేర్చుకోవడం ముగిసేసరికి మొత్తం దాదాపు 12,000 మంది. పదిహేడేళ్లకు పైగా ఒకే చట్రం నడవడం మామూలు విషయం కాదు.

చెడేది ఎక్కడ? మొదటిది, కాలం. 2006లో కంట్రోల్‌లో చేరిన మనిషినీ 2017లో ప్రయోగ ఆర్మ్‌లో చేరిన మనిషినీ పోల్చకూడదు. ఈ మధ్యలో స్కాన్లు మారాయి, జబ్బు ముదిరాక ఇచ్చే మందులు మారాయి, డోసిటాక్సెల్ మామూలు చికిత్సలో భాగమైంది. అందుకే ప్రతి ఆర్మ్‌నూ ఆ ఆర్మ్ తెరిచి ఉన్న రోజుల్లో, అందులో చేరడానికి అర్హత ఉండీ కంట్రోల్‌కు వెళ్లినవారితోనే పోల్చాలి. పాత కంట్రోల్ డేటా ఉచితంగా పడి ఉంది కదా అని కలిపేసుకునే ఆశ ప్రతి ప్లాట్‌ఫాం ట్రయల్‌లోనూ (స్టాంపీడ్‌లా ఒకే చట్రంలో ఆర్మ్‌లు చేరుతూ, పోతూ ఉండే ట్రయల్) పుడుతుంది. దానికి లొంగితే అది సగం పరిశీలనాత్మక అధ్యయనం అయిపోతుంది.

రెండోది, మధ్యదశ కొలమానం. పీఎస్ఏను కదపకుండా ప్రాణం నిలిపే మందు ఏదైనా ఉంటే ఈ వడపోతలో అన్యాయంగా పోతుంది. మూడోది కాగితాల పని. కొత్త ఆర్మ్ చేరిన ప్రతిసారీ ప్రోటోకాల్ సవరణ, ఎథిక్స్ అనుమతి, కొత్త అంగీకార పత్రం, మందుల సరఫరా, డేటాబేస్ మార్పు అన్ని కేంద్రాల్లోనూ జరగాలి. కొన్ని కేంద్రాలు పాత పత్రంతోనే రోగుల్ని చేర్చేస్తే ఆ నమోదులన్నీ చిక్కులో పడతాయి. ఒక ఆర్మ్ ఆపితే అందులో ఉన్నవారికి ఏం చెప్పాలో ముందే రాసి పెట్టుకోవాలి.

ప్రశ్న: ట్రయల్ నడుస్తుండగా మధ్యలో డేటా చూస్తే తప్పేమిటి? చూసినంత మాత్రాన మందు గుణం మారదుగా.

జవాబు: మందు గుణం మారదు, మన తీర్మానం తప్పే అవకాశం మారుతుంది. ఏ ప్రభావమూ లేని మందును ఒక్కసారి, చివర్లో పరీక్షిస్తే 5 శాతం సార్లు పొరపాటున ‘పనిచేస్తోంది’ అంటాం. అదే గీతతో రెండుసార్లు చూస్తే 8 శాతం దాటుతుంది. సమాన విరామాల్లో అయిదుసార్లు చూస్తే 14 శాతం. మందు పనిచేస్తోందని ముందే ప్రకటించాలంటే తొలి చూపుల్లో గీతను చాలా కఠినంగా పెట్టాలి. ఓబ్రయన్-ఫ్లెమింగ్ గీతలు చేసేది అదే. పనిచేయని ఆర్మ్‌ను ఆపడానికైతే ఈ బెడద లేదు. అక్కడ తప్పు జరిగితే మంచి మందు చేజారుతుంది, చెడ్డ మందు గెలవదు. ఆ డేటాను స్వతంత్ర కమిటీ తప్ప ట్రయల్ నడిపే డాక్టర్లు చూడకూడదు. చూస్తే ఎవరిని చేర్చాలన్న వారి నిర్ణయం తెలియకుండానే వంగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి హార్మోన్ ఇంజెక్షన్ తర్వాత పీఎస్ఏ మూడు నెలల్లోనే బాగా పడిపోయింది. మందు పనిచేసిందని అంత త్వరగా తెలుస్తున్నప్పుడు, ట్రయల్స్‌లో మనుషులు చనిపోయేదాకా ఎదురుచూడటం ఎందుకండీ?

జవాబు: మీ నాన్నగారి విషయంలో పీఎస్ఏ తగ్గడం మంచి సంకేతమే. మీ డాక్టరుగారు దాన్ని చూసే ముందుకు వెళ్తారు. చిక్కు ఎక్కడంటే, ఒక మనిషి చికిత్సను గమనించడానికి పనికొచ్చే అంకె రెండు మందుల్లో ఏది మేలో తేల్చడానికి పనికిరాకపోవచ్చు.

రెండు ఉదాహరణలు చూడండి. సిపుల్యూసెల్-టి అనే రోగనిరోధక చికిత్సను 512 మంది మీద పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. మీడియన్ మనుగడ 21.7 నెలల నుంచి 25.8కు పెరిగింది. పీఎస్ఏ మాత్రం పెద్దగా కదల్లేదు, జబ్బు ముదరడానికి పట్టే కాలంలోనూ తేడా కనిపించలేదు. దీనికి తిరగబడినది ఆర్టెరోనెల్. డోసిటాక్సెల్ తర్వాత దశలో అది పీఎస్ఏ సగానికి తగ్గినవారి శాతాన్ని 10 నుంచి 25కు పెంచింది, స్కాన్‌లో జబ్బు ముదరడాన్నీ ఆలస్యం చేసింది. మనుగడలో మాత్రం నమ్మదగిన తేడా రాలేదు. ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్ అయితే క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే పీఎస్ఏను సుమారు సగానికి దించేస్తుంది.

అందుకే నడిమధ్య దారి వెతికారు. జబ్బు ప్రోస్టేట్‌కే పరిమితమైనవారిలో మెటాస్టాసిస్-ఫ్రీ సర్వైవల్, అంటే జబ్బు ఎముకలకో ఇతర అవయవాలకో పాకకుండా బతికిన కాలం, మనుగడకు గట్టి ప్రతినిధి అని ఐస్‌క్యాప్ అనే అంతర్జాతీయ బృందం 2017లో చూపింది. స్పార్టన్ ట్రయల్‌లో అపాలుటమైడ్ ఈ కాలాన్ని 16.2 నెలల నుంచి 40.5 నెలలకు పెంచింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ కొలమానం ఆధారంగానే అనుమతిచ్చింది. ఈ కొలమానంతో అలా ఇవ్వడం అదే మొదలు.

దీనిలోనూ ఒక గొయ్యి ఉంది. ట్రయల్ మధ్యలో కొన్ని కేంద్రాలు సీటీ, ఎముకల స్కాన్ మానేసి ఇంకా చిన్న మచ్చల్ని పట్టే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌కు మారితే, పాత స్కాన్‌లో ఏడాది తర్వాత కనిపించే మచ్చ ఇప్పుడే కనిపిస్తుంది. జబ్బు వేగం మారలేదు, గడియారం మారింది. స్కాన్ పద్ధతి, విరామం రెండు ఆర్మ్‌లలోనూ ప్రోటోకాల్‌లో రాసినట్టే చివరిదాకా సాగాలి. పెట్ తీసినా ఆ ఫలితాన్ని వేరే కాలమ్‌లో నమోదు చేయాలి.

పీఎస్ఏ వాడే చోట కూడా నిబంధన కచ్చితంగా ఉండాలి. పీసీడబ్ల్యూజీ3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్స్ మార్గదర్శకాల ప్రకారం అతి తక్కువ విలువ నుంచి 25 శాతం, అదీ మిల్లీలీటరుకు కనీసం 2 నానోగ్రాములు పెరిగి, మూడు వారాల తర్వాత చేసిన రెండో పరీక్షలో నిర్ధారణ అయితేనే ‘పెరిగింది’ అనాలి. మొదటి 12 వారాల్లో వచ్చే పెరుగుదలను చూసి మందు ఆపకూడదు.

ప్రశ్న: జన్యు మార్పు ఉన్నవారికే మందు ఇచ్చే ట్రయల్ చిన్నదిగా, చవకగా అయిపోవాలి కదా. మరి వేలమందిని ఎందుకు పరీక్షిస్తున్నారు?

జవాబు: చిన్నదయ్యేది ర్యాండమైజ్ చేసే, అంటే చీటీ తీసినట్టు ఆర్మ్‌లకు పంచే రోగుల సంఖ్య. దానికి ముందున్న గరాటు పెద్దదవుతుంది. ఒలాపరిబ్‌ను పరీక్షించిన ప్రొఫౌండ్ ట్రయల్ అంకెలు ఎవరికైనా కళ్లు తెరిపిస్తాయి. 4,047 మంది కణజాలం పరీక్షకు వెళ్లింది. జన్యు ఫలితం వచ్చింది 2,792 మందికి, అంటే 31 శాతం నమూనాలు పనికిరాలేదు. వచ్చినవారిలో వెతుకుతున్న మార్పు ఉన్నది 778 మందికి. చివరికి ర్యాండమైజ్ అయినవారు 387 మంది.

మీరు సొంతంగా లెక్క వేసుకోవాలంటే సూత్రం సులువు: కావలసిన సంఖ్యను మార్పు ఉండే శాతంతోనూ, పరీక్ష సఫలమయ్యే శాతంతోనూ భాగించండి. 240 మంది కావాలి, మార్పు 10 శాతం మందిలో ఉంది, పరీక్ష 70 శాతం సార్లు పనిచేస్తుంది అంటే సుమారు 3,430 మందిని పరీక్షించాలి. ఫలితం వచ్చేలోపు జబ్బు ముదిరి అర్హత పోయేవారు, అంగీకరించనివారు ఇందులో ఇంకా కలవలేదు.

నమూనాలు ఎందుకు చెడతాయి? కణజాలాన్ని దాచిన ఏళ్లనాటి పారఫిన్ (మైనం) దిమ్మెలలో డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. సూది బయాప్సీలో క్యాన్సర్ కణాలు చాలినన్ని ఉండవు. ఎముక నుంచి తీసిన ముక్కను యాసిడ్‌తో మెత్తబరిస్తే డీఎన్ఏ పాడవుతుంది. దానికి ఈడీటీఏ వాడాలి. రక్తంలో తిరిగే క్యాన్సర్ డీఎన్ఏతో ఈ గరాటును కొంత వెడల్పు చేయొచ్చు కానీ చికిత్సకు లొంగి ఉన్న రోజుల్లో తీసిన రక్తంలో అది దొరకదు. జబ్బు ముదురుతున్నప్పుడు, కొత్త మందు మొదలుపెట్టక ముందు తీయాలి. ఇంకో మోసం ఉంది: వయసుతో పాటు రక్తకణాల్లో వచ్చే మార్పులు క్యాన్సర్ మార్పుల్లా కనిపిస్తాయి. ఏటీఎం, చెక్2 జన్యువుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. అదే రోగి తెల్ల రక్తకణాలను పక్కన పెట్టి పోల్చకపోతే మార్పు లేని మనిషి ట్రయల్‌లోకి వచ్చేస్తాడు.

జన్యువుల్ని మూట కట్టడంలో కూడా జాగ్రత్త అవసరం. ప్రొఫౌండ్ ముఖ్య బృందంలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం కలిపి 245 మంది. మొత్తం ఫలితం బలంగానే వచ్చింది: జబ్బు ముదరకుండా గడిచిన కాలం 3.6 నెలల నుంచి 7.4 నెలలు. విడదీసి చూస్తే ఆ బలమంతా బీఆర్‌సీఏ నుంచి వచ్చిందే, ఏటీఎం ఒక్కటే ఉన్నవారిలో లాభం కనిపించలేదు. ఏ జన్యువుకు ఎంతమంది కావాలో ముందే గరిష్ఠ పరిమితి పెట్టుకుంటే ఈ గజిబిజి తగ్గుతుంది.

ప్రశ్న: బాగా పనిచేస్తున్న ఆర్మ్‌కు ఎక్కువమందిని పంపే అడాప్టివ్ ర్యాండమైజేషన్ రోగికి న్యాయం చేస్తుంది. అందరూ దాన్నే ఎందుకు వాడరు?

జవాబు: రెండే ఆర్మ్‌లున్న ట్రయల్‌లో దీన్ని మేం సిఫారసు చేయం. 1:1 పంపకంతో వచ్చే బలం 2:1తో రావాలంటే మొత్తం సంఖ్య 12.5 శాతం పెరగాలి. 4:1కి జారితే 56 శాతం. ఒక్కొక్కరికి మంచి ఆర్మ్ దక్కే అవకాశం పెరిగినా, పెద్ద ట్రయల్‌లో ఓడిన ఆర్మ్‌కు వెళ్లే మనుషుల సంఖ్య అనుకున్నంత తగ్గకపోవచ్చు. పైగా ఫలితం తెలియడానికి నెలలు పడితే, తెలిసేలోపే చేరిక అయిపోతుంది. మొదట్లో తీవ్రమైన రోగులు, తర్వాత తేలికైన రోగులు చేరితే, ఆలస్యంగా ఎక్కువమందిని అందుకున్న ఆర్మ్ ఉత్తినే మెరుగ్గా కనిపిస్తుంది.

ఆర్మ్‌లు చాలా ఉండి, జన్యు రకాలూ చాలా ఉంటే సంగతి వేరు. స్వీడన్ కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో నడిచే ప్రోబయో అలాంటిది. రక్తంలోని క్యాన్సర్ డీఎన్ఏను బట్టి రోగుల్ని వర్గాలుగా చేసి, ఏ వర్గానికి ఏ మందు కలిసొస్తోందో బేసియన్ లెక్కతో (కొత్త డేటా వచ్చేకొద్దీ అంచనాను సవరించే పద్ధతి) చూస్తూ పంపకాన్ని సవరిస్తుంది. దాని కంట్రోల్ వాటా మాత్రం తగ్గకుండా స్థిరంగా ఉంచారు. మీరు అడాప్టివ్ డిజైన్ రాస్తే మొట్టమొదట రాయాల్సిన వాక్యం అదే.

ప్రశ్న: కొత్త చికిత్స మెరుగైనది కానక్కర్లేదు, ‘తీసిపోకపోతే చాలు’ అనే నాన్-ఇన్‌ఫీరియారిటీ ట్రయల్స్‌ను నమ్మొచ్చా?

జవాబు: మార్జిన్, అంటే ఎంత నష్టం వరకు ఒప్పుకుంటారన్న గీత, ఎంతో చూశాక నమ్మండి. చిప్ ట్రయల్ చక్కటి పాఠం. ప్రోస్టేట్‌కు 37 విడతల్లో 74 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇవ్వడం ఒకవైపు, 20 విడతల్లో 60 గ్రేలు, 19 విడతల్లో 57 గ్రేలు ఇంకో రెండు వైపులు. 3,216 మంది. అయిదేళ్లలో 5 శాతం పాయింట్లకు మించి నష్టం ఉండకూడదన్నది గీత. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు 74 గ్రేలలో 88.3 శాతం, 60లో 90.6, 57లో 85.9. 60 గ్రేలు ఈ పరీక్ష నెగ్గింది. 57 గ్రేలకు తేడా 2.4 పాయింట్లే అయినా దాని విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల హద్దులు) గీత అవతలికి పోయింది కాబట్టి ‘తీసిపోదు’ అనడానికి వీల్లేదు. చూడాల్సింది మధ్య అంకెను కాదు, అంతరం చివరను.

హార్మోన్ చికిత్సను ఆపి ఆపి ఇవ్వొచ్చా అని చూసిన స్వాగ్ 9346లో 1,535 మందిని ర్యాండమైజ్ చేశారు. మరణాల ముప్పు 20 శాతానికి మించి పెరగకూడదన్నది అక్కడి గీత. 2013లో వచ్చిన ఫలితం: హజార్డ్ రేషియో 1.10, అంతరం 0.99 నుంచి 1.23. తీసిపోతుందనీ తేలలేదు, తీసిపోదనీ తేలలేదు. 20 శాతం ఎక్కువ మరణాలకు మొదట్లో ఎలా ఒప్పుకున్నారన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అది సబబే అని మా అభిప్రాయం.

ఇంకో హెచ్చరిక. మామూలు ట్రయల్‌లో అలసత్వం మందును ఓడిస్తుంది. ఇక్కడ అలసత్వం గెలిపిస్తుంది. రోగులు ఒక ఆర్మ్ నుంచి ఇంకో ఆర్మ్‌కు జారినా, మందు సరిగా తీసుకోకపోయినా రెండు ఆర్మ్‌లూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కేటాయించిన ఆర్మ్ ప్రకారం ఒకసారి, ప్రోటోకాల్ పాటించినవారితో ఇంకోసారి విశ్లేషించి రెండూ ఒకే మాట చెప్పాయో లేదో చూడాలి.

ప్రశ్న: కంట్రోల్ ఆర్మ్ వచ్చిందని తెలియగానే రోగులు వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి? (ట్రయల్ కోఆర్డినేటర్)

జవాబు: మీ ఒక్క కేంద్రం సమస్య కాదిది. లుటీషియం-పీఎస్ఎంఏ అనే రేడియోధార్మిక మందును పరీక్షించిన విజన్ ట్రయల్‌లో తొలి నెలల్లో కంట్రోల్‌కు వెళ్లినవారిలో 56 శాతం మంది మందు మొదలుకాకుండానే తప్పుకున్నారు. కేంద్రాలకు శిక్షణ ఇచ్చి, గట్టి చర్యలు తీసుకున్నాక అది 16.3 శాతానికి దిగింది. అయినా 2019 మార్చి 5 తర్వాత చేరినవారితోనే స్కాన్ ఆధారిత విశ్లేషణ చేయాల్సి వచ్చింది, అంటే 831లో 581 మంది. ఆస్ట్రేలియాలోని థెరాపీ ట్రయల్‌లో కంట్రోల్ ఉత్త సహాయక చికిత్స కాదు, కబాజిటాక్సెల్ కీమో. అక్కడ కూడా లుటీషియం వచ్చిన 99 మందిలో 98 మంది తీసుకుంటే, కీమో వచ్చిన 101 మందిలో 85 మందే తీసుకున్నారు.

చేయగలిగినవి: కంట్రోల్‌లో నిజంగా పనికొచ్చే చికిత్స పెట్టడం, జబ్బు ముదిరాక కొత్త మందుకు మారే వీలు కల్పించడం, ర్యాండమైజ్ చేసే ముందే ‘ఏ ఆర్మ్ వచ్చినా ఉంటారా’ అని సూటిగా అడగడం, వెళ్లిపోయినవారిని కూడా మనుగడ సమాచారం కోసం అనుసరించడానికి వేరుగా అంగీకారం తీసుకోవడం. మారే వీలు కల్పిస్తే మనుగడ తేడా పలచబడుతుంది. ప్రొఫౌండ్ ముఖ్య బృందంలో కంట్రోల్ వారిలో మూడింట రెండొంతుల మంది ఒలాపరిబ్‌కు మారారు. విశ్లేషణ ప్రణాళికలో దానికి సవరణ పద్ధతి ముందే రాసి ఉండాలి.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. ఆపరేషన్, రేడియేషన్, నిఘా మూడింటినీ పోల్చిన బ్రిటన్ ప్రొటెక్ట్ ట్రయల్‌లో సంభాషణల్ని రికార్డు చేసి విన్నారు. నిఘా అంటే ఏమీ చేయకుండా వదిలేయడమని రోగులు అర్థం చేసుకుంటున్నట్టు తేలింది. క్రమం తప్పని పరీక్షలు, అవసరమైతే చికిత్స ఉంటాయని విడమరిచి, మూడు దారులకూ సమానంగా సమయమిచ్చి చెప్పాక ర్యాండమైజేషన్‌కు ఒప్పుకునేవారు సుమారు 40 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు.

అంగీకారానికి ముందే ర్యాండమైజ్ చేసే జెలెన్ పద్ధతి కూడా ఉంది. కొత్త చికిత్స వచ్చినవారినే అడుగుతారు, కంట్రోల్ వారికి మామూలు వైద్యం సాగుతుంది. స్క్రీనింగ్ ట్రయల్స్‌లో ఇది సహజం, మందుల ట్రయల్స్‌లో చిక్కు. బ్రిటన్‌లో 573 ప్రాథమిక వైద్య కేంద్రాలను యూనిట్లుగా తీసుకున్న క్యాప్ ట్రయల్‌లో పిలుపు అందినవారిలో దాదాపు మూడో వంతే పీఎస్ఏ పరీక్ష చేయించుకున్నారు. పదిహేనేళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 0.78 శాతానికి బదులు 0.69 శాతం. మూడో వంతే పాటిస్తే కనిపించే ప్రభావం మూడో వంతుకు కుంచించుకుపోతుంది, దాన్ని పట్టుకోవడానికి తొమ్మిది రెట్ల మంది కావాలి.

ప్రశ్న: క్రాసోవర్ డిజైన్‌లో ప్రతి రోగీ రెండు మందులూ వాడతాడు కదా, సంఖ్య బాగా తగ్గుతుంది. దాన్ని ఎందుకు పట్టించుకోరు?

జవాబు: జబ్బు స్థిరంగా ఉండి, మందు ప్రభావం మానగానే పోవాలి. క్యాన్సర్ ఆ రెండూ చేయదు. హార్మోన్ చికిత్స వల్ల వచ్చే ఒంటి ఆవిర్లు, నిద్రలేమి లాంటి ఇబ్బందులకైతే వాడొచ్చు, మధ్యలో మందు ఒంట్లోంచి పోయేంత విరామంతో. అంతకు మించి వద్దు.

ప్రశ్న: ఒకే ప్రశ్న మీద మూడు దేశాల్లో మూడు ట్రయల్స్ నడుస్తూ ఏదీ పూర్తికాకపోతే?

జవాబు: ఫలితాలు వెలువడక ముందే చేయి కలపాలి. ఆపరేషన్ తర్వాత వెంటనే రేడియేషన్ ఇవ్వాలా, పీఎస్ఏ పెరిగితేనే ఇవ్వాలా అన్నదానిపై రాడికల్స్-ఆర్‌టీలో 1,396 మంది, గెటుగ్-ఏఎఫ్‌యూ 17లో 424, రేవ్స్‌లో 333 మంది ఉన్నారు. చివరి రెండూ అనుకున్న సంఖ్య చేరకుండానే ఆగాయి. మూడింటినీ కలిపే విశ్లేషణ ప్రణాళికను, కొలమానం నిర్వచనంతో సహా, ఫలితాలు తెలియక ముందే ఖరారు చేశారు. 2020లో ఆర్టిస్టిక్ పేరుతో 2,153 మంది ఫలితం వచ్చింది: అయిదేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవారు వెంటనే రేడియేషన్ ఇచ్చిన ఆర్మ్‌లో 89 శాతం, ఎదురుచూసిన ఆర్మ్‌లో 88 శాతం. వెంటనే ఇవ్వడం వల్ల అదనపు లాభం కనిపించలేదు. వెలువడిన ఫలితాలను తర్వాత కలిపే మామూలు మెటా-అనాలిసిస్‌కు దీనికి తేడా ఆ ‘ముందే’లోనే ఉంది.

ప్రశ్న: మాది చిన్న కేంద్రం. హార్మోన్ చికిత్సకు లొంగని దశలో ఒక మందును 30 మంది మీద చూడాలనుకుంటున్నాం. ఏ డిజైన్?

జవాబు: సైమన్ రెండు దశల డిజైన్. పీఎస్ఏ సగానికి తగ్గినవారు 10 శాతమే అయితే మందు పనికిరాదు, 30 శాతం అయితే ముందుకు తీసుకెళ్లాలి అనుకుందాం. ఆల్ఫా 5, పవర్ 80 శాతం. మొదట 10 మంది. వారిలో ఒకరికో, ఎవరికీ కాకుండానో స్పందన ఉంటే ఆపేయండి. ఇద్దరు లేదా అంతకు మించితే ఇంకో 19 మందిని చేర్చి 29 చేయండి. చివరికి ఆరుగురు లేదా ఎక్కువమంది స్పందిస్తేనే మందు నిలబడినట్టు. పనికిరాని మందు అయితే 74 శాతం సార్లు పదిమందితోనే ఆగిపోతుంది. నిజంగా మంచి మందు కూడా 15 శాతం సార్లు అక్కడే పోతుందని గుర్తుంచుకోండి.

చిన్న కేంద్రాల్లో ఇది చెడిపోయే చోట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పదో మనిషి చేరగానే చేరిక ఆపకుండా సాగిస్తారు. పీఎస్ఏ స్పందన తేలడానికి 12 వారాలు పడుతుంది కాబట్టి ఫలితం వచ్చేసరికి 16 మంది అయి ఉంటారు, గీతలు చెల్లవు. ఒక డోసు తీసుకుని మానేసినవారిని లెక్కలోంచి తీసేస్తారు. తీయకూడదు, వారిని స్పందించనివారిగానే రాయాలి. స్పందనను కనీసం మూడు వారాల తర్వాత రెండో పరీక్షతో నిర్ధారించాలి, అదీ అదే ల్యాబ్‌లో, అదే కిట్‌తో.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది పాత మందుల నీడ. హార్మోన్‌ను అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్ర ఆపినా కొందరిలో పీఎస్ఏ దానంతటదే తగ్గుతుంది. అందుకే కొత్త మందుకు ముందు బైకాలుటమైడ్‌కు ఆరు వారాలు, ఫ్లుటమైడ్‌కు నాలుగు వారాలు విరామం ఇచ్చి, ఆ తర్వాత తీసిన పీఎస్ఏనే మొదటి విలువగా రాసుకోవాలి. ప్రెడ్నిసోలోన్ ఒక్కటే కొందరిలో పీఎస్ఏను తగ్గిస్తుంది కనుక, ట్రయల్‌లో చేరిన రోజే స్టెరాయిడ్ కొత్తగా మొదలుపెట్టొద్దు. ఇంతకు ముందే వాడుతుంటే మోతాదు మార్చొద్దు. హార్మోన్ ఇంజెక్షన్ మాత్రం ఆపకూడదు. చేర్చుకునే ముందు టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉందో లేదో పరీక్షించి కేస్ షీట్‌లో రాయండి. ఇంజెక్షన్ తేదీ తప్పి టెస్టోస్టిరాన్ పెరిగిన మనిషి హార్మోన్‌కు లొంగని దశలో ఉన్నట్టు కాదు, అతన్ని ఈ 29 మందిలో కలపకూడదు.